ఇరవై మూడు రోజుల పొగ

మా ఊరి నూలుమిల్లు సమ్మె మీద నాలుగేళ్ళుగా పుస్తకం రాస్తున్నాను. చివర్లో ఒక జాబితా ఉంది: సమ్మె రోజుల్లో లోపలికి వెళ్ళి సంతకం పెట్టినవాళ్ళు. పదకొండు పేర్లు. తెలిసినా కాగితం మీద ఆధారం లేదని వదిలేసిన పన్నెండోది పోయిన వారం గేటు రిజిస్టరులో దొరికింది. అది మా నాన్నది. బాయిలర్ గదిలో నిప్పు చూసుకునే పని ఆయనది. ఇరవై మూడు రోజులూ వెళ్ళాడు.

"తీసెయ్," అన్నాడు అన్నయ్య ఫోన్లో. "కంచే చేను మేసినట్టు కన్నకూతురే రాస్తుందా? పుస్తకం నీది, కలం నీది."

"సాక్ష్యం నాది కాదుగా అన్నయ్యా."

"అబ్బో, చెప్పొచ్చావు!"

నిజానికి నాకూ తీసెయ్యాలనే ఉంది. మనకు బాగా నచ్చిన సాక్ష్యాన్నే ముందు అనుమానించాలని చరిత్ర క్లాసులో చెబుతాను. చెప్పడం తేలిక.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పొద్దున్నే డాబా మీద నిలబడితే పొగగొట్టం కనిపించేది. వీధంతా పని మానేసింది, పొగ మాత్రం మానలేదు. పిల్లలు నన్ను "పొగపిల్లా" అని పిలిచేవారు. అంతకుముందు రోజూ సాయంత్రం నాన్న చొక్కాకి చెంప ఆనించి బొగ్గు వాసన పీల్చేదాన్ని. ఆ వాసన వెచ్చగా ఉండేది. సమ్మె మొదలయ్యాక మానేశాను. ఎందుకని ఆయన చనిపోయేదాకా అడగలేదు.

మూడో అధ్యాయంలో ఇలా రాశాను: "రోజూ పొగ వచ్చింది, అంటే మిల్లు కొంతైనా నడిచింది." దానికి ఆధారం వెతికాను. ఆ డాబా తప్ప ఏమీ దొరకలేదు.

బాయిలర్ గదిలో ఆవిరి ఒత్తిడి రోజూ రాసిపెట్టిన పుస్తకం తీసుకుని ఫిట్టర్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆనాటి సమ్మె కమిటీ మనిషి. కళ్ళజోడు పెట్టుకుని అంకెల మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు.

"ఆవిరి ముల్లు పదిహేను దాటలేదే!"

"అంటే?"

"అంటే ఏముంది తల్లీ, నిప్పు మీద బూడిద కప్పి కూర్చున్నాడు. నూరు దాటితే గానీ కదురు తిరగదు. పదిహేనుతో మహా అయితే టీ కాచుకోవచ్చు."

"మరి ఎందుకు కూర్చున్నట్టు?"

"పాత బాయిలర్ అది. పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ వేడి చేస్తే లోపలి ఇటుకలు పగులుతాయి. సమ్మె గెలిచాక పని చెయ్యడానికి మిల్లుండాలిగా?"

"మీ కమిటీ పంపిందా?"

నా గొంతులోని ఆశ నాకే వినిపించింది. ఆయనకీ వినిపించినట్టుంది, నవ్వాడు.

"పంపామంటే రాసేసుకుంటావా?"

నేను కలం మూత పెట్టేశాను.

"పంపలేదమ్మా. అడిగుంటే కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళం. మీ గుమ్మంలో బూడిద పోసినవాళ్ళలో నేనూ ఉన్నా."

"బాయిలర్ సంగతి తెలిసేనా?"

"ఫిట్టర్ని, తెలియకుండా ఉంటుందా? కానీ ఇంట్లో పిల్లలు పస్తులుంటే ఆ పొగ చూసి ఒళ్ళు మండేది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకు అప్పటి మాట కావాలా, ఇప్పటి మాట కావాలా? రెండూ నావే."

రెండూ రాసుకున్నాను.

ఇంటికొచ్చి జాబితాలో నాన్న పేరు చేర్చాను. కింద చిన్న అక్షరాల్లో: ఆవిరి ఒత్తిడి ఏ రోజూ పదిహేను దాటలేదు, ఎవరూ పంపలేదు, ఎందుకు వెళ్ళాడో ఎక్కడా రాసి లేదు. మూడో అధ్యాయంలో ఆ వాక్యం కొట్టేసి ఇంకోటి రాశాను: "పొగ వచ్చింది. మిల్లు నడుస్తోందని వీధి అనుకుంది. డాబా మీది పిల్ల కూడా అలాగే అనుకుంది."

అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు.

"తీసేశావా?"

"లేదు." బాబాయ్ చెప్పిందంతా చెప్పాను.

"ఆ అంకెలు చదువు," అన్నాడు అన్నయ్య.

"అన్నీనా?"

"అన్నీ."

చదివాను. మొదటి రోజు పద్నాలుగు. రెండో రోజు పదిహేను. అలా పోతూ తొమ్మిదో రోజు ఎనిమిది.

"ఆగు. ఎనిమిదేంటి? ఆ రోజు ఏమైంది?"

"రాయలేదు."

"నీకు జ్వరం వచ్చింది ఆ వారమే. నాన్న మధ్యలో ఇంటికొచ్చి నీ పక్కన కూర్చున్నాడు, నాకు గుర్తుంది."

నాకు గుర్తు లేదు. నుదుటి మీద వెచ్చటి చెయ్యి ఒకటి గుర్తు తెచ్చుకోవాలని చూశాను. మరీ తేలిగ్గా వచ్చేసింది.

"అలా రాయడానికి లేదు అన్నయ్యా."

"నిన్ను రాయమన్నానా? నీకు చెబుతున్నా. పదో రోజు చదువు."