బీడీ దారంతో మిడత

ఆదివారం పొద్దు వాలేసరికి ఉమారాణి పెరట్లో కత్తిపీట వేసుకుని, పక్కన బూడిద, రెండు బకెట్ల నీళ్లు పెట్టుకుని కూర్చోవాల్సిందే. మొగుడు సురేందర్ బండి దిగి, చేపల సంచి ఆమె ముందు పడేసి, "జల్ది కడుగు, భూమేష్ గూడ తిని పోతడు" అని స్నానానికి వెళ్లిపోతాడు. నిజామాబాద్‌లో అతనికి కూలర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆరు రోజులు దుకాణం, ఏడో రోజు స్నేహితుడు భూమేష్‌తో కలిసి బోధన్ అవతల మంజీరలో చేపల వేట. "వారమంత ఒళ్లు హూనమైతది, ఒక్క దినమన్న మనసు తేట గావాలె గదా" అంటాడు. నిజమే, కావాలి. ఉమారాణికి మాత్రం ఏడో రోజంటూ ఒకటి లేదు. ఆ రోజు పొద్దున్నే లేచి ఇద్దరికి రొట్టెలు కట్టాలి, మధ్యాహ్నం వరకు బీడీలు చుట్టాలి, సాయంత్రం చేపలు తోమాలి. ఆమె మనసు తేటపడిందో లేదో అడిగిన నాథుడు లేడు.

అయితే చేప కడుపు కోసేటప్పుడు ఉమారాణికి ఒక అలవాటు ఉండేది. పేగులు పిల్లులకు పారేసే ముందు, వాటిని నొక్కి లోపల ఏముందో చూసేది. తొలివానలు పడ్డ వారం కొర్రమట్ట కడుపులో రెక్కలతో సహా ఉసిళ్లు కనిపించాయి. దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు నీళ్లలో ఉండే చేప నోట్లోకి ఎట్లా వెళ్లాయి? చేప గాల్లోకి ఎగిరిందా, అవే వచ్చి నీళ్ల మీద పడ్డాయా? ఆ ప్రశ్న ఆమెను వారమంతా వదల్లేదు. సురేందర్‌ను అడిగితే, "గయ్యన్ని నీకెందుకే? పులుసు మంచిగ పెట్టు" అన్నాడు.

ఆ వానకాలమే భూమేష్ ఫోన్లో వీడియోలు చూపించి సురేందర్‌కు కొత్త పిచ్చి ఎక్కించాడు. వానపాములూ పిండి ముద్దలూ అక్కర్లేదట. ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగును నీటి మీదికి విసిరితే చేప వచ్చి పట్టుకుంటుందట. ఆన్‌లైన్‌లో సన్నటి గాలం కట్టె వచ్చింది, డబ్బా నిండా ఎర్రవీ నీలివీ తళతళలాడే పురుగులు వచ్చాయి. మూడు ఆదివారాలు విసిరినా మంజీర చేప ఒక్కటీ వాటి మొహం చూడలేదు. "మన చాపలకు ఇంగ్లీషు రాదాయె" అని భూమేష్ నవ్వాడు. విసుగొచ్చి సురేందర్ ఆ డబ్బాను బీడీల చాట పక్కన పడేశాడు.

ఉమారాణి ఒకదాన్ని తీసి విప్పి చూసింది. కొక్కెం, ఈక, దారం. ఓస్, ఇంతేనా అనుకుంది. పన్నెండేళ్ల వయసు నుంచి తునికాకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారంతో బిగిస్తున్న చేతులవి. కోళ్ల దుకాణం దగ్గర రాలిన ఈకలు ఏరుకొచ్చింది. చేప కడుపులో ఉసిళ్లు ఎట్లా ఉన్నాయో గుర్తు తెచ్చుకుని, బీడీ దారంతో సన్నటి ఒళ్లు చుట్టి, నాలుగు బూడిదరంగు రెక్కలు కట్టింది. "గివి గూడ ఒకసారి ఏసి సూడు" అని మొగుడి సంచిలో పెట్టింది.

ఆ ఆదివారం సాయంత్రం సంచి బరువుకు సురేందర్ ఒక పక్కకు ఒరిగి వచ్చాడు. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాడు. కింద "సురేందరన్న చెయ్యంటే చెయ్యే" అని మెప్పులు. పురుగులు ఎక్కడ తెచ్చినవని ఎవరో అడిగితే, "నేనే కట్టిన" అని రాశాడు. పైగా ఆ ఫోన్ ఉమారాణి చేతికే ఇచ్చి చదవమన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. కానీ తిట్టు కన్నా ముందు ప్రశ్నే నోట్లోంచి వచ్చింది.

"చాప ఎట్ల పట్టింది? కిందికెల్లి వచ్చి మింగిందా, పక్కకెల్లా? నేను కట్టింది తేలిందా, మునిగిందా?"

"పట్టింది. గంతే" అన్నాడు సురేందర్.

"ఒక్కసారి నన్ను గూడ తీస్కపో. సూస్త."

"నువ్వా? ఆడ అందరు మొగోళ్లే ఉంటరు. నువ్వొస్తే మావోళ్లు నవ్వుతరు."

మూలన ఆకు కత్తిరిస్తున్న అత్త వెంకటవ్వ తల ఎత్తకుండానే, "ఆడోళ్ల నీడ గాలం మీద పడితే శాప రాదు. మీ మామ ఉన్నప్పుడు నేను గాలాన్ని ముట్టుకోనన్న ముట్టుకోలే" అంది.

చలికాలం వచ్చింది. బోధన్ చుట్టూ చెరుకు నరికే రోజులు. చేపల కడుపుల్లో ఉసిళ్లు పోయి మిడతల కాళ్లు కనబడ్డాయి. నరికే చప్పుడుకు తోటల్లోంచి లేచి నీళ్లలో పడతాయి కాబోలు అని ఉమారాణి ఊహించుకుంది. ఊహించుకోవడమే తప్ప చూసింది లేదు. ఈసారి తడిపిన తునికాకు ముక్కను సన్నగా కత్తిరించి మిడతకు రెక్క చేసింది. బకెట్ నీళ్లలో వేసి ఊది చూసింది. తేలింది. కానీ బకెట్లో ప్రవాహం ఉండదు, ఎండ ఉండదు, చేప ఉండదు. ముప్పై ఎనిమిదేళ్ల ఆడది బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉత్తుత్తి మిడతను ఊదుతుంటే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని తనకే నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. నది గంటన్నర దారి. పదిహేడేళ్ల కాపురంలో ఆ నదిని ఆమె సంచిలోంచి వచ్చే వాసనగానే ఎరుగును.

ఎండలు ముదిరి మంజీర మడుగులుగా మిగిలాక కడుపుల్లో తూనీగలు వచ్చాయి. ఆమె తూనీగలు కట్టి డబ్బాలో ఒక పక్కన పెట్టింది. సురేందర్‌కు ఏ పురుగైనా ఒకటే. ఆ ఆదివారం భూమేష్ పెళ్లికి పోవడంతో ఒక్కడే బయల్దేరి, చూసుకోకుండా వానకాలపు ఉసిళ్లు పట్టుకుపోయాడు. అయినా సాయంత్రం మూడు కిలోల బొచ్చె చేపను తెచ్చాడు. "అర్ధగంట కొట్లాడిందే అవ్వా, చేతులు గుంజుకపోయినయి" అని తల్లికి అరచేతులు చూపించాడు.

ఉమారాణి కడుపు కోసింది. తూనీగ లేదు, మిడత లేదు. పొట్టంతా తవుడు. చేప పెదవిని తిప్పి తిప్పి చూసింది. కొక్కెం గుచ్చిన గాటే లేదు. తవుడు తినేది చెరువులో పెంచిన చేప. నదిలో తవుడు ఎవరు పోస్తారు?

"ఇది బజార్ల కొన్నవ్" అంది.

"నువ్వేమన్న చాపల డాక్టర్‌వా?"

"కడుపునిండ తవుడున్నది. తూనీగలు డబ్బల అట్లనే ఉన్నయి. నువ్వు వానకాలంవి తీస్కపోయినవ్."

సురేందర్ లోపలికి పోయాడు. ఆ పూట పులుసు బాగుందని అతను అనలేదు, బాగాలేదనీ అనలేదు.

మరుసటి శనివారం దుకాణం నుంచి వచ్చి, ఆమె దగ్గర నిలబడి గొంతు తగ్గించి అడిగాడు. "రేపటికి ఏ పురుగు తీస్కపోవాలె? జర నువ్వే తీసి పెట్టు." ఇన్నేళ్లలో అతను ఆమెను ఒక సంగతి చెప్పమని అడగడం అదే మొదలు. ఉమారాణి ఒక్క క్షణం మురిసిపోయింది కూడా. చెబితే ఏమవుతుందో మరుక్షణమే తెలిసిపోయింది. అతను మళ్లీ నదికి పోతాడు, తను మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంటుంది. చేప పైకి ఎట్లా వస్తుందో ఈ జన్మకు తెలియదు.

"రేపు నువ్వు ఇంట్ల ఉండు. నేను పోతున్న. గాలం కట్టె నాకియ్యి" అంది.

"ఎవలితోని పోతవ్?"

"బోధన్ బస్సుల పోత. ఆడికెల్లి ఆటోలుంటయి."

"పిచ్చి లేసిందా నీకు? విసురుడు ఊకెనే రాదు. మావోళ్లు జూస్తే ఏమంటరు?"

"నేర్సుకుంట. మీవోళ్లను నేను రమ్మంటలేను. నిన్ను గూడ రమ్మంటలేను."

సురేందర్ తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, జర నువ్వన్న చెప్పు."

వెంకటవ్వ చాటను పక్కకు జరిపింది. ఒళ్లో పడ్డ తునికాకు తునకలు దులుపుకుంది. కోడలికి గట్టిగా నాలుగు చీవాట్లు పెడుతుందని సురేందర్ కాచుకుని నిలబడ్డాడు. ఉమారాణి కూడా ఎదురు జవాబు సిద్ధం చేసుకుంది.

"బస్సు ఎన్ని గంటలకున్నది, బిడ్డా?" అంది వెంకటవ్వ. "నన్ను గూడ తీస్కపో. మీ మామ తెచ్చినయి తోమిన, వీడు తెచ్చినయి తోమిన. శాప ఈదుతుంటే ఎట్లుంటదో ఒక్కనాడు సూడలే."