పరుగెత్తని నాడి

క్యాజువాల్టీలో అందరూ ఆమెకి పెట్టిన పేరు నిదానం మేడమ్. రక్తం ఓడుతున్న మనిషిని స్ట్రెచర్ మీద తోసుకుంటూ ఎవరు పరుగున వచ్చినా ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. నిదానం. ఊపిరి ఆడుతోందా చూడు, మెడ కదలనివ్వకు, రక్తం ఎక్కడి నుంచి పోతోందో వెతుకు, మిగతావన్నీ ఆ తర్వాతే. కేకలు పెట్టేవాడికి కనీసం ఊపిరి ఆడుతోందని మనకి తెలుస్తుంది, ముందు నోరు మెదపనివాడి దగ్గరికి వెళ్ళు అని కొత్తగా చేరిన డాక్టర్లకి చెప్పీ చెప్పీ ఆమె నాలుక అరిగిపోయింది.

ఇంట్లో ఆ పేరు వింటే అత్తగారు మూతి ముడిచి నవ్వేది. కోడలు కుదురుగా కూర్చుని ఒక కప్పు కాఫీ పూర్తిగా తాగడం ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఇద్దరూ అద్దె కారులో కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరారు. ఈ మధ్య అత్తగారికి చూపు మసకబారుతోంది. నేనొక్కదాన్నే వెళ్ళొస్తాలే, దొరక్క దొరికిన సెలవు, పడుకో అంది ఆవిడ. ఆ మాటలో దెప్పెంతో ప్రేమెంతో పెళ్ళయి ఇన్నేళ్ళయినా కోడలికి తేలలేదు. తేలక, చెప్పులేసుకుని వెంట నడిచింది. కారులో అత్తగారు ఎడమ కిటికీ పక్కన కూర్చుంది, ఆమె కుడి వైపు. తన కూతురు కొత్తగా కొన్న సోఫా వాళ్ళింట్లో సగం ఎలా ఆక్రమించేసిందో అత్తగారు చెప్పుకుపోతోంది. కోడలు ఊఁ కొడుతూ ఫోన్ చూసుకుంటోంది.

సిగ్నల్ పచ్చబడింది. కారు ముందుకి కదిలింది. ఎడమ వైపు వీధిలోంచి సరుకుల వ్యాను ఒకటి ఆగకుండా వచ్చి, అత్తగారు కూర్చున్న తలుపుని గుద్దేసింది. కారు గిర్రున తిరిగి కరెంటు స్తంభానికి కొట్టుకుంది.

ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత డ్రైవరు అరుపు మొదలైంది. ముందు భాగం నుజ్జయి అతని కాలు మీదకి వచ్చింది, మోకాలి కింద నుంచి రక్తం బూటులోకి కారుతోంది. అమ్మా, నా కాలు, అమ్మా అని అతను వీధంతా వినపడేట్టు ఏడుస్తున్నాడు.

ఆమె అత్తగారి వైపు తిరిగింది. ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. జుట్టు నిండా గాజు పలుకులు.

"నాకేం కాలేదు. ఆ అబ్బాయిని చూడు ముందు, పాపం ఎలా ఏడుస్తున్నాడో," అంది ఆవిడ.

కోడలు ఆవిడ మణికట్టు పట్టుకుంది. నాడి తీరుగా, తొందర లేకుండా కొట్టుకుంటోంది. ఊపిరి ఆడుతోంది, మాట స్పష్టంగా ఉంది, ఎక్కడా రక్తం లేదు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. మెడ తిప్పొద్దు అత్తయ్యా, ఇలాగే ఉండండి, ఇప్పుడే వస్తా అని చెప్పి దిగింది.

అప్పటికే జనం మూగారు. వ్యాను నడిపినవాడు తల పట్టుకుని కాలిబాట మీద కూలబడ్డాడు, అతని ఒంటి మీద గీత కూడా పడలేదు. ఎవరో డ్రైవరుని రెక్క పట్టి బయటికి లాగబోతుంటే ఆమె గదమాయించి ఆపింది. ఎవరి భుజం మీదో ఉన్న తువ్వాలు అందుకుని మడతపెట్టి, గాయం మీద బలం కొద్దీ అదిమింది. దుకాణం మూసి వచ్చిన ఒకాయన చేతికి ఆ పని అప్పగించి, వదలొద్దు, తీసి తీసి చూడొద్దు అని చెప్పింది. ఎడమ చేతికి ఎందుకో సరిగా పట్టు చిక్కడం లేదు. అదేమిటో చూసుకునే తీరిక ఆమెకి లేదు.

తిరిగి చూసేసరికి అత్తగారు కారులో లేదు. దిగేసింది. పూలకుండీ గట్టు మీద కూర్చుని, ఒక కాలికే చెప్పు ఉండటంతో రెండోది ఎక్కడ పడిందోనని వంగి వెతుకుతోంది. కోడలు పరుగున వెళ్ళి, ఇద్దరు ఆడవాళ్ళ సాయంతో ఆవిడని నేల మీద పడుకోబెట్టి, తల కదలకుండా తన మోకాళ్ళ మధ్య పట్టుకుంది. పడుకోబెట్టిన దగ్గర్నుంచీ ఆవిడకి ఒకటే అసహనం. లేస్తానంది. చేతిసంచీ ఏదంది. ఎండ కళ్ళలో కొడుతోందంది. ఈ భుజం లాగేస్తోందంది. ఏళ్ళ తరబడి భుజం నొప్పి గురించి వింటూనే ఉన్న కోడలు, దెబ్బకి ఇంకాస్త పట్టేసి ఉంటుందనుకుంది.

"దాహంగా ఉందమ్మాయ్. నీళ్ళు పట్టు."

"ఇప్పుడొద్దు అత్తయ్యా. ఆస్పత్రికి వెళ్ళాక."

ఒక పెద్దావిడ అప్పటికే సీసా మూత తీసి వంగింది. కోడలు చేత్తో అడ్డుకుంది. గొంతు తడారిపోయే మనిషికి చుక్క నీళ్ళు పోయనివ్వదేంటి, ఎవరీవిడ అని ఆ పెద్దావిడ పక్కవాళ్ళని అడిగింది. కోడలట అని ఎవరో చెప్పారు. అదీ సంగతి అంది పెద్దావిడ. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. కడుపులో దెబ్బ తగిలి ఆపరేషన్ చెయ్యాల్సొస్తే లోపల నీళ్ళుండకూడదని వాళ్ళకి వివరించే ఓపిక లేక, ఆమె రుమాలు తడిపి అత్తగారి పెదాలకి అద్దింది. ఆవిడ ఆ రుమాలుని పళ్ళతో పట్టుకుని లాగబోయింది. ఎన్నడూ నోరు తెరిచి ఇది కావాలని అడగని మనిషి.

కోడలికి లోపల ఏదో గీరుకున్నట్టుంది. మళ్ళీ నాడి చూసింది. మళ్ళీ అదే తీరు, అదే నడక. మరి ఎందుకీ కుదురులేనితనం? భయం అయుంటుంది. వయసు అయుంటుంది. అంబులెన్సు వచ్చేదాకా ఆమె ఆ రెండు మాటలే తిప్పి తిప్పి అనుకుంది.

దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. అది ఆమె పనిచేసే చోటు కాదు. అత్తగారిని లోపలికి తోస్తుంటే ఆమె పక్కనే నడుస్తూ, ఎలా గుద్దుకుందో, ఎక్కడ కూర్చున్నారో డ్యూటీ డాక్టరుకి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న కుర్ర డాక్టరు అతను. అంతా విని, ఆమె ఎడమ చేతి వంక చూశాడు. మణికట్టు ఉబ్బిపోయి ఒక పక్కకి వంగి ఉంది.

"మేడమ్, మీరూ ఆ కారులోనే ఉన్నారు కదా," అన్నాడు. "మీరూ పడుకోవాలి."

నాకేం కాలేదంది. అన్నాక ఆ మాట ఇందాక ఎవరి నోట విందో గుర్తొచ్చింది. అతను వాదించలేదు, పక్క మంచం చూపించాడు. నర్సు ఆమె మెడకి గట్టి పట్టీ బిగించి వెల్లకిలా పడుకోబెట్టింది. అత్తగారికీ ఆమెకీ మధ్య తెర లాగేశారు.

ఇక ఆమెకి కనిపించేది తెల్లటి కప్పు, దాని మీద నీళ్ళు కారిన మరక, ఒక ట్యూబులైటు. తల తిప్పలేదు. చెవులు మాత్రం తెర అవతలే ఉన్నాయి. కత్తెర చప్పుడు. కొత్త బట్టలు కత్తిరించొద్దని అత్తగారి గొడవ. మళ్ళీ కొనుక్కుందురుగాని అని నర్సు సముదాయింపు. ఆక్సిజన్ బుస. కాళ్ళు మంచానికేసి కొట్టుకుంటున్న చప్పుడు. కదలకండమ్మా, కదలకండి.

"పల్స్ డెబ్బై," అంది నర్సు. "బీపీ కాస్త తక్కువే, కానీ పర్లేదు."

అప్పుడు వినిపించింది ఒక ఆవలింత. పొడుగ్గా, గాలి చాలనట్టుగా. ఆ వెంటనే ఇంకొకటి.

ఈ ఆవలింత ఆమెకి తెలుసు. లోపల రక్తం పోతున్నవాళ్ళు మొదట అటూ ఇటూ దొర్లుతారు, దాహమంటారు, లేస్తామంటారు, తర్వాత ఇలా ఆవలిస్తారు. కానీ రక్తం పోతుంటే నాడి పరిగెత్తాలి కదా, ఇది ఎందుకు పరిగెత్తడం లేదు అని కప్పు వంక చూస్తూ అనుకుంటుండగా, వంటింటి అలమరలో నీలిరంగు డబ్బా కళ్ళ ముందుకొచ్చింది. ప్రతి నెలా మందుల షాపు నుంచి తెచ్చి అందులో పోసేది తనే.

"డాక్టర్," అని పిలిచింది. "అత్తయ్య బీపీకి మాత్ర వేసుకుంటారు. గుండెని పరిగెత్తనివ్వని మాత్ర. ఆ పల్స్‌ని నమ్మకండి."

తెర అవతల అడుగులు ఆగాయి. ఏ మాత్రో అడిగాడు. ఆమె పేరు చెప్పింది.

"భుజం లాగుతోందన్నారు. ఏ వైపో అడగండి."

అతను అడిగాడు. అత్తగారి జవాబు ముద్దముద్దగా వచ్చింది. ఎడమది. ఇన్నేళ్ళుగా ఆవిడ నొప్పి చెబుతూ వచ్చింది కుడి భుజం గురించి. ప్రతి రాత్రీ మందు రాసింది కొడుకైనా, ఆ మందు తెచ్చిచ్చింది ఈ కోడలే.

"ఎడమ వైపే గుద్దింది, ఆ పక్క కడుపులో రక్తం చేరితే నొప్పి భుజంలో తెలుస్తుంది," అంది ఆమె. "కడుపు స్కాన్ చెయ్యండి. ఇప్పుడే."

"చేస్తున్నాను మేడమ్," అన్నాడతను. అప్పటికే మిషను చక్రాలు కదులుతున్నాయి. జెల్లీ సీసా పిండిన చప్పుడు. స్కాన్ చేస్తున్నంతసేపూ ఆమె కప్పు మీది మరక అంచునే చూపుతో మళ్ళీ మళ్ళీ చుట్టి వచ్చింది.

"రక్తం ఉంది," అన్నాడతను, నెమ్మదిగా. ఆ తర్వాత అతని గొంతు మారిపోయింది. సర్జన్‌ని పిలవమన్నాడు, రక్తం తెప్పించమన్నాడు, థియేటరుకి చెప్పమన్నాడు. మంచం బ్రేకు విడిచిన చప్పుడు. తెర అంచు ఎగిరి ఆమె మొహానికి తగిలింది. చక్రాలు దూరమయ్యాయి.

ఆమె లేవబోయింది. నర్సు భుజం మీద చెయ్యి వేసి ఆపింది, మీ మెడ ఎక్స్‌రే ఇంకా రాలేదు మేడమ్ అంది. ఆమె రోజూ రోగులకి చెప్పే మాటే అది, అదే గొంతుతో. పడుకుంది. పడుకున్న మాటే గానీ ఒళ్ళంతా లేచి నిలబడే ఉంది. రోడ్డు మీద నాడి పట్టుకున్న ఆ క్షణమే తిరిగి తిరిగి వస్తోంది. బాగుండాలని ఎంతగా కోరుకుందో, బాగానే ఉందని అంత తేలిగ్గా నమ్మేసింది. గోరు నొక్కి రంగు వెనక్కి వస్తోందో లేదో చూడలేదు. కడుపు తట్టి చూడలేదు. కొత్త డాక్టరెవరైనా ఇలా చేసుంటే వార్డు దద్దరిల్లేట్టు చీవాట్లు పెట్టి ఉండేది.

ఆమె భర్త వచ్చాడు. ఆఫీసు నుంచి ఎలా వచ్చాడో, చొక్కా తడిసి ముద్దయింది. ఆమె మీదకి వంగితే ముక్కూ గడ్డమూ తలకిందులుగా కనిపించాయి. ఎవరి దగ్గర ఉండాలో తెలియక మంచం కడ్డీ పట్టుకుని అటొక అడుగు ఇటొక అడుగు వేస్తున్నాడు.

"నాకు చెయ్యే విరిగింది," అంది ఆమె. "నువ్వు థియేటర్ దగ్గరికి పో."

"అమ్మకి..."

"పో ముందు."

అతను వెళ్ళాడు. మెడకి ఏమీ కాలేదని తేలాక, చేతికి కట్టు వేశాక, ఆమె కూడా వెళ్ళి అతని పక్కన బల్ల మీద కూర్చుంది. కూర్చోలేక నిలబడింది. నిలబడలేక మెట్ల దాకా నడిచి వచ్చింది. ఎన్నోసార్లు అలాంటి తలుపు లోపలి నుంచి బయటికి వచ్చి బంధువులకి మాట చెప్పిన మనిషి ఆమె. బయట నిలబడటం ఇంత కష్టమని అప్పుడు తెలియలేదు.

సర్జన్ మాస్కు కిందకి లాగుతూ వచ్చాడు. ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం చితికిపోయింది, తీసేశాం, రక్తం ఆగింది అన్నాడు. పక్కటెముకలు రెండు విరిగాయి, అవే అతుక్కుంటాయి. ఈ రోజు గడవాలి అని కూడా అన్నాడు. భర్త అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆమె దండం పెడదామంటే ఒక చెయ్యి కట్టులో ఉంది.

ఆ రోజు గడిచింది. మర్నాడు పొద్దున్న ఐసీయూలో అత్తగారు కళ్ళు తెరిచేసరికి, కోడలు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, కాలు ఆడిస్తూ, తలవైపున్న మానిటరు మీది అంకెలనే చూస్తోంది. అంకె ఒకటి మారితే ఆమె వీపు నిటారయ్యేది. స్థిరపడితే వాలేది. మళ్ళీ మారితే మళ్ళీ నిటారు.

ఆవిడ కాసేపు ఆ తంతు చూసింది.

"కళ్ళు పీక్కుపోయాయి నీకు," అంది, గొంతు బొంగురుగా. "కుర్చీ ఇటు తిప్పుకో."

"ఫర్వాలేదు అత్తయ్యా."

"నాకు మెడ తిప్పడం కష్టంగా ఉంది. ఇటు తిప్పుకో అంటే."

ఆమె ఒంటి చేత్తో కుర్చీ ఈడ్చుకుని ఆవిడ మొహానికి ఎదురుగా కూర్చుంది. అంకెలు ఇప్పుడు వెనక్కి పడ్డాయి, చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంది. అత్తగారు అవతలి మంచం మీది పెద్దాయన రాత్రంతా గురకపెట్టి చంపేశాడని మెల్లగా ఫిర్యాదు మొదలుపెట్టింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. కోడలు ఊఁ కొట్టింది. కాసేపటికి కాలు ఆడించడం కూడా మానేసింది.