మూడో తుపాకి

"నాలుగింటికి ఫైలు ముంబైకి వెళ్లాలి. వయొలిన్లు పెడతావా, నీ పేరు తీసేయనా?" అన్నాడు దర్శకుడు భానుప్రసాద్.

కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు పైఅంతస్తులో పెట్టుకున్న మిక్సింగ్ గది అది. అలేఖ్య హెడ్‌ఫోన్ మెడ మీదికి దించింది. ఈ యుద్ధం సిరీస్‌కు శబ్దాలు కూర్చే పని ఆమెది. సొంతంగా చేస్తున్న మొదటి పని. ఇప్పుడు కాదంటే ఆఖరిది కూడా కావచ్చు.

గొడవంతా నలభై సెకన్ల షాట్ గురించి. చెన్నూరు దగ్గర పాత క్వారీలో తీశారు. ఎనిమిది మెషిన్‌గన్లు పేలుతుంటాయి. కెమెరా మాత్రం పొగలో ఒక జవాను చెంప మీదే నిలిచిపోతుంది. పక్కనే అతని స్నేహితుడు చనిపోతాడు. అది తెర మీద కనబడదు. అలేఖ్య అక్కడ సంగీతం తీసేసి, ఎనిమిదింటిలో ఆ స్నేహితుడిదైన మూడో తుపాకిని ఆపేసింది. అంతే.

"అంత మోతలో ఒకటి ఆగితే ఎవరికి వినిపిస్తుంది? వినగలిగేవాణ్ని ఒక్కణ్ని చూపించు."

"కింద మా బాపు కూసున్నడు. చెవుల డాక్టర్ దగ్గరికి తీస్కపోవాలె. పిలుస్త."

భానుప్రసాద్ నవ్వాడు. "చెవులు సరిగా లేని మనిషా జడ్జి?"

"ముప్పై ఏండ్లు సిరిసిల్లల బట్టలు నేసే సాంచాలు నడిపిండు సార్. ఆ మోతకే పోయినయి. మీరే అడగండ్రి, నేను మధ్యల మాట్లాడ."

అలేఖ్య తండ్రి పరశురాములు చెప్పులు బయట విడిచి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మొదట వయొలిన్లతో వేశారు.

"ఎలా ఉంది పెద్దాయనా?" గట్టిగా అడిగాడు భానుప్రసాద్.

"మంచిగున్నది సారు. పెండ్లి వీడియో లెక్కున్నది."

తర్వాత అలేఖ్య తనది వేసింది. గోడలు అదిరాయి. పది సెకన్లు. ఇరవై. పరశురాములు చటుక్కున లేచాడు. మెడ ఎడమ స్పీకరు వైపు తిరిగింది. మగ్గం మీద తెగిన పోగును అందుకోబోయినట్టు చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. ఎనిమిది మరమగ్గాలను ఒంటరిగా చూసుకున్న మనిషి. ఏది ఆగినా చెవి కంటే ముందు ఒళ్లు పట్టేది.

"మూడోది ఆగింది," అన్నాడు.

భానుప్రసాద్ ముఖంలో నవ్వు పోయింది. అయినా తగ్గలేదు. "మరమగ్గాల వాళ్ల కోసం తీయడం లేదు నేను. వయొలిన్లే పెట్టు."

"పెట్ట సార్. నా పేరు తీసెయ్యండ్రి. గా పిలగాని సావు మీద నా చేతులతోటి పాట పెట్ట."

పరశురాములు ఇంకా స్పీకరు వంకే చూస్తున్నాడు. "సారు, గా ఆగినోడు ఎవడు? ఇంటికాడ ఎవలన్న ఉన్నరా?"

"ఇందాక వేసినప్పుడు అడగలేదేం?"

"ఇందాక ఎవ్వలు సావలే గద సారు."

గడియారం మూడూ యాభై చూపిస్తోంది. భానుప్రసాద్ మౌస్ అందుకున్నాడు. వయొలిన్ల ట్రాక్‌ను మ్యూట్ చేశాడు.

"పేరు ఉంటుంది. పంపు."

అలేఖ్య కదల్లేదు.

"మ్యూట్ కాదు సార్. డిలీట్ కొట్టండ్రి."

కొట్టాడు.