పురిలో దాచిన పుస్తకం

లక్ష్మీకాంతం చేసింది తెలివితక్కువ పని అనడానికి లేదు. ఉంగుటూరు చుట్టుపక్కల వెండి గ్లాసుల్ని ధాన్యంలో దాచుకోని ఇల్లుందా? ఆమె పుస్తకం దాచింది, అంతే.

మామూలు పుస్తకం కాదండీ. విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషు నవల. ముదురెరుపు తోలు అట్ట, కాగితాల అంచులకి బంగారు పూత. ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమె పెళ్లై వెళ్తుంటే, ఏలూరులో ఇంగ్లీషు చెప్పిన కృపమ్మ టీచరుగారు, "చదివి తెచ్చివ్వమ్మా, నాకున్న ఆస్తి ఇదొక్కటే" అని చేతిలో పెట్టారు. అత్తగారు వెంకటనరసమ్మ చూస్తే ఊరుకుంటుందా? "చెప్పుల తోలు నట్టింట్లోకా?" అని పశువుల పాకలోకి విసిరేసింది. కొల్లేటి కొర్రమేను పులుసు లొట్టలేసుకుంటూ తినే మనిషికి తోలంటే మాత్రం మహా అసహ్యం. నూర్పులయ్యాక గడ్డితాళ్లు చుట్టి ధాన్యం పురి కడుతుంటే, కోడలు ఆ పుస్తకాన్ని పాకలోంచి తెచ్చి, గుడ్డలో చుట్టి గుట్టుగా అందులోకి తోసేసింది.

ఎండలు ముదిరాక, చేపల బుట్టతో వచ్చే తాయారమ్మ ఏలూరు నుంచి కబురు తెచ్చింది. "టీచరమ్మగారు మంచం పట్టారమ్మా. చూపు కూడా పోయింది. ఆ ఎర్ర పుస్తకం తెచ్చి ఆఖరి అధ్యాయం చదివి వినిపించమన్నారు."

లక్ష్మీకాంతం పురి విప్పమని మొగుణ్ణి బతిమాలింది. హనుమంతరావు తల్లి మొహం చూశాడు. "మూఢంలో పురి విప్పుతారా ఎక్కడైనా? ఇంట్లో లక్ష్మి నిలవదు. మంచిరోజులు రానీ," అంది ఆవిడ. పుస్తకం సంగతి పైకి అనడానికి లేదు. అక్కడ టీచరుగారి ప్రాణం మూఢం వెళ్లేదాకా ఆగుతుందా?

తాయారమ్మ మళ్లీ వచ్చి, "ఇవాళో రేపో అన్నట్టున్నారమ్మా," అనేసరికి లక్ష్మీకాంతం ఇక తట్టుకోలేకపోయింది. పట్టపగలు, అత్తగారు అరుగు మీంచి చూస్తుండగానే, కొడవలి తెచ్చి పురి కోసేసింది. ధాన్యం బొలబొలా వాకిలంతా పారింది. కోడలు ధాన్యంలో కూలబడి పిచ్చిదానిలా తవ్వింది.

పుస్తకం దొరికింది. ఆ ఏడు గింజ సరిగ్గా ఆరకుండానే పురి కట్టారు. లోపలి ఆవిరికి తోలు నల్లబడి, కాగితాలన్నీ అతుక్కుని దిమ్మలా అయిపోయింది. చూసి ఘొల్లుమంది. అయినా దాన్నే కొంగులో చుట్టుకుని ఏలూరు బస్సెక్కింది.

కృపమ్మగారు పుస్తకాన్ని తడిమి తడిమి చూశారు. కాసేపు గుండెలమీద పెట్టుకుని, "ఆఖరి అధ్యాయం చదువమ్మా," అని తిరిగిచ్చారు.

లక్ష్మీకాంతం గోటితో లాగింది. ఒక్క కాగితం విడలేదు. బలవంతం చేస్తే ముక్కలై ఊడొచ్చింది. ఆ ఆఖరి అధ్యాయం ఆమె ఎప్పుడూ చదవలేదు, సగం కథలోనే దాచేసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో తనకి తోచింది అల్లి చెప్పడం మొదలెట్టింది. తను చదివిన సగంలో ఓడెక్కి వెళ్లిపోయిన అబ్బాయి తిరిగొస్తున్నట్టు, అతని కోసం ఆ కథలో పిల్ల గుమ్మంలో ఎదురుచూస్తున్నట్టు చెప్తూ చెప్తూ, మధ్యలో ఆగిపోయింది.

టీచరుగారు వెతికి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"అందులో అతను తిరిగి రాడమ్మా," అన్నారు మెల్లగా. "ఫరవాలేదు, నువ్వు ఆపకు. ఇంటిదాకా రానీ."