గడప లేకుండా వచ్చిన ఇల్లు

నేను ఒక ఇంటిని. పుట్టింది మాత్రం కార్ఖానాలో. హైదరాబాదు బయట ఒక షెడ్డులో ఇనుప చట్రానికి రేకులు బిగించి, తలుపూ కిటికీ పెట్టి, నేల మీద ఒక్క పూట కుదురుగా నిలవనివ్వకుండా లారీ ఎక్కించారు. దారిలో చాయ్ కొట్టు దగ్గర ఒకాయన ఇంత పెద్ద ఫ్రిజ్ ఎవరింటికని డ్రైవరును అడిగాడు.

నల్లమల అంచున, అడవి మంటల్లో కాలిపోయిన గూడెంలో నన్ను దించారు. బూడిద వాసన ఇంకా పోలేదు. గుడిసె కాలిపోయిన ఈదమ్మ స్థలంలో సిమెంటు దిమ్మల మీద పెట్టి నాకు బోల్టులు బిగించారు. మంటలు చుట్టుముట్టిన రోజు ఆమె భర్త నాగయ్య మేకల తాళ్ళు విప్పడానికి వెనక్కి వెళ్ళి, తిరిగి రాలేదు. వానల్లోపు ఇంటికి నంబరు పడితేనే ఆమె ఇక్కడ ఉండవచ్చు. లేకపోతే దూరాన రోడ్డు పక్క కాలనీకి పంపేస్తారు. ఈ నేల వదలనని ఆమె పట్టు.

పంచాయతీ కార్యదర్శి వచ్చి నా రేకు మీద వేలితో కొట్టి చూశాడు. పునాది లేనిది షెడ్డే తప్ప ఇల్లు కాదన్నాడు. ఎండకు నా రేకులు టప్పుమన్నాయి. నేను ఒప్పుకున్నాననుకున్నాడేమో.

“మా గడ్డి గుడిసెకు ఏ పునాది జూసి నంబరేసిన్రు సారూ?” అన్నాడు ఈదమ్మ మరిది బయ్యన్న.

అంతలో ఈదమ్మ తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

“గిదేంది బయ్యన్నా, గడప లేదు.”

నిజమే. నన్ను గీసిన ఇంజనీర్లు ఎవరి కాలికీ ఏదీ తగలకూడదని తలుపు కింద చదునుగా వదిలేశారు. పసుపు ఎక్కడ రాస్తారో వాళ్ళకు తట్టలేదు.

“ఆమెనే గడప లేదంటుంటే ఇల్లని నేనెట్ల రాయాలె?” కార్యదర్శి కాగితాలు సర్దుకున్నాడు.

ఈదమ్మ నా పక్కనున్న బూడిదను చేతులతో తోడింది. కింద పాత గుడిసె గడప బయటపడింది; సగం మట్టిలో ఉండడంతో దాని పైభాగమే బొగ్గయింది. బయ్యన్న దాన్ని పెకిలించి, నా తలుపు కొలతకు కోసి, నల్లటి వైపు కిందికి తిప్పబోయాడు.

“తిప్పకు. గడప తొక్కొద్దని మీ అన్నకు రోజూ చెప్పేదాన్ని. ఇన్నడా? గా గుంత ఆయన కాలు తొక్కి తొక్కి అరిగిందే. అదే పైకుండనీ.”

బయ్యన్న బొగ్గు గీకి, గడపను అలాగే బిగించాడు. పసుపు ఆ నలుపు మీద సరిగా పట్టలేదు. ఆమె మళ్ళీ రాసింది. కార్యదర్శి సర్దిన కాగితాలు మళ్ళీ తీసి, రంగు డబ్బా తెప్పించి నా మీద నంబరు రాశాడు.

నాకు ఇంకా కుదురు రాలేదు. బోల్టులు విప్పితే మళ్ళీ లారీ సరుకునే. ఏ బండి మోత విన్నా వణుకు పుడుతుంది. ఆ సాయంత్రం అలాగే వణుకుతుండగా ఈదమ్మ లోపలికి రావడానికి కాలెత్తింది. గడప దాటబోయి ఆగింది. తర్వాత మెల్లగా ఆ గుంతలో పాదం మోపి, ఒంటి బరువంతా వేసి నిలబడింది.