విమానాల గడ్డ మీద పిట్టలదొర

దేవయ్య నోట్ల నువ్వుగింజ నానదు. నానుడు సంగతి దేవుడెరుగు, ఆ నోట్లెకు నువ్వుగింజ పోతె బయటికొచ్చేటాలకు గుమ్మడికాయైతది. గసొంటి మనిషికి కంపెనీ ఏం నవుకరి ఇచ్చిందో ఎరుకేనా? చరిత్రకు కావలి!

నవ్వకుండ్రి, నిజమే. ఒమన్ దేశంల రైసూత్ ఫ్యాక్టరీలు దాటినంక, కొండల దిక్కు, ఎన్కట తిరుగుబాటోల్లతోని లడాయి నడిసినప్పుడు ఇంగ్లీషోల్ల ఫౌజు విమానాలు దిగిన గడ్డ ఒకటున్నది. ఇప్పుడాడ విమానం లేదు, ఫౌజు లేదు. గులకరాళ్ళ రన్‌వే, ఇసుక నింపి గుండ్రంగ పేర్చిన తుప్పు డ్రమ్ములు, సగం కూలిన గోడ, వీటన్నిటి నడుమ తీరుబడిగ తిరిగే ఒంటెలు. గంతే. ఆ గడ్డను సాఫ్ చేసి చూడవచ్చేటోల్లకు చూపెట్టే పని కంపెనీకి దొరికింది. దేవయ్య ఏండ్లకేండ్లు సెంట్రింగ్ పని చేసి రెండు మోకాళ్ళు అరగ్గొట్టుకున్నడు. "నిచ్చెనెక్కుడు నీతోని కాదు, కుర్చీల కూసో" అని సూపర్‌వైజర్ జహీరుద్దీన్ ఒక ఖాకీ కోటు, ఒక టోపీ, ఒంటెలను కొట్టనీకె ఒక కట్టె ఇచ్చి ఆయనను వాచ్‌మన్‌ను చేసిండు. జహీరుద్దీన్‌ది కరీంనగర్. మంచోడే గని, ఖాకీ కోటు, టోపీ, కట్టె మూడు కలిపి దేవయ్య చేతికి ఇయ్యొద్దన్న సోయి లేకపాయె.

ఎందుకంటరా? దేవయ్య నాయిన పిట్టలదొర వేషం కట్టేటోడు. మెట్‌పల్లి దిక్కు ఊర్లల్ల చినిగిన ఖాకీ కోటు తొడిగి, నెత్తికి టోపీ వెట్టి, కట్టె తుపాకి భుజానేసుకొని, పెద్ద ఇంగ్లీషు దొరలెక్క వాకిట్ల నిలవడి కోతలు కోసేటోడు. "నా బంగ్లాకు పునాది ఎందుకే? మబ్బుకు మోకేసి యాలాడగట్టిన!" అంటుండె. జనం కడుపు పట్టుకొని నవ్వి గింజలు పోస్తుండె. కోత ఎంత పెద్దగుంటె జోలె అంత నిండుతుండె. అది అబద్ధమని చెప్పేటోనికెరుక, వినేటోల్లకెరుక, వాకిట్ల పండిన కుక్కకు సుత ఎరుక.

గీ పద్ధతి ఒమన్‌ల ఎవలికీ ఎరుకలేదు. గదే కొంప ముంచింది.

చూడొచ్చినోల్ల కారు కనవడంగనే దేవయ్య కోటు సదురుకునేటోడు, కట్టె భుజానికెక్కేది. సగం హిందీ, సగం అరబ్బీ, తక్కువైన కాడ చేతులు.

"గీ రన్‌వే పొడుగు ఎంతనుకున్నరు? ఇక్కడ దిగిన విమానం ఆగేటాలకు పైలట్‌కు గడ్డం మొలుస్తుండె!"

"గీ డ్రమ్ములెందుకో ఎరుకేనా? పెద్ద దొర గురక వెడితె విమానాలు వాటంతటవే లేచిపోతుండె. గందుకే సుట్టూ డ్రమ్ములు పేర్చి ఆయనను నడుమ పండవెట్టిండ్రు!"

ఇగ కూలిన గోడ కాడ ఆయన అసలు కత. "ఇక్కడ ఒక సోల్జర్ చాయ తాగుతుండె. కొండ మీదికెల్లి బాంబు వచ్చి పక్కన్నే వడ్డది. గోడ కూలింది, దుమ్ము లేచింది, అంతా చీకటి! దుమ్ము దిగినంక చూస్తె ఏమున్నది? పోరడు కూసున్న కాన్నే కూసున్నడు. గిలాస ఎత్తి గుటగుట తాగి, మూతి తుడుసుకొని, 'సుక్కర్ గలీల్' అన్నడు. చక్కెర తక్కువైందట!"

వినేటోల్లు నవ్విండ్రు, ఫోటోలు దిగిండ్రు. దిగి ఊకుంటె అయిపోవు. ఒకాయన పోయి ఇదంతా ఖరా నిజమని నెట్‌ల పెట్టిండు. ఇంకొకామె ఆఫీసుకే ఫోన్ చేసి, "గురక దొర పేరేంది? పుస్తకంల రాసుకుంట" అని అడిగింది. ముదీర్, అంటె మేనేజర్, చదువుకున్న ఒమానీ పిల్లగాడు, పాత ముచ్చట్లంటె పానం ఇడుస్తడు. ఫోన్ పెట్టేసినంక ఆయన మొకం మిరపపండైంది.

"ఇది చరిత్ర, సర్కస్ కాదు" అని జహీరుద్దీన్ మీద లేచిండు. "మాల్టా దీవి నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నడు. పడుచోడున్నప్పుడు ఈ గడ్డ మీదనే ఇంగ్లీషోల్ల ఫౌజుల పనిచేసిండు. ఆయన ముంగట మీ వాచ్‌మన్‌తోని అన్నీ చెప్పియ్యి. ఒక్కటన్న అబద్ధమని ఆయన అన్నడా, వాచ్‌మన్‌ను రుస్తాఖ్ సైట్‌కు పంపుడే!"

రుస్తాఖ్ అంటె మళ్ళ నిచ్చెన, మళ్ళ ఇటుకలు. ఆ మోకాళ్ళతోని దేవయ్య నాలుగు దినాలు నిలవడడు. నిలవడకపోతె ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుడు. బిడ్డ నవీన నర్సింగు చదువు ఇంక సగంల ఉన్నది. దేవయ్యకు బుగులు జొచ్చింది.

"జహీర్ భాయ్, నిజమే చెప్తె అయిపాయె గద?"

"నిజం నీకెరుకనా దేవన్నా?"

"నాకేడెరుక!"

"నాకూ ఎరుకలేదు. ఎరుకున్నోడే వస్తున్నడు. జర నోరు కట్టేసుకొని 'ఇది రన్‌వే, ఇది గోడ' అను. గంతకన్న ఒక్క మాట ఎక్కువ మాట్లాడితె నీకు దండం."

ఇగ రూమ్‌ల ఒకటే బట్టీ. వంట కాడ, బట్టలుతుకుడు కాడ, "ఇది రన్‌వే, ఇది గోడ." తోటోల్లు చెవులు మూసుకున్నరు.

మాల్టా ఆయన రానే వచ్చిండు. పేరు సాల్వు. చేతికర్ర, ఎండకు కందిన మొకం, నవ్వెప్పుడొస్తదో అన్నట్టున్న కండ్లు. కారు దిగంగనే పోయి తుప్పు డ్రమ్ము మీద చెయ్యి వెట్టిండు. ఆయన ఇంగ్లీషుల చెప్తుంటె జహీరుద్దీన్ తెలుగుల చెప్పుకుంటొచ్చిండు.

"వాల్ల దీవిల సుత గిట్లనేనట. రెండో పెద్ద యుద్ధంల వాల్ల ఊరి పక్కపొంటే విమానాల గడ్డ. పొద్దుమాపు బాంబులేనట. రేకు డబ్బాలల్ల రాళ్ళు నింపి, గోడలు పేర్చి, విమానాలను దాస్తుండెనట. గడ్డ మీద గుంతలు పడితె ఊరోల్లు ఉరికొచ్చి పూడుస్తుండె, వాల్లమ్మ సుత గంపల రాళ్ళు మోసిందట. ఈయన యుద్ధమైనంక పుట్టిండు. ఆ డబ్బాల సందులల్ల దాగుడుమూతలాడిండట."

"మా మేనత్తోల్ల ఊరికాడ సుత పాత విమానాల గడ్డ ఉన్నది సార్" అన్నడు దేవయ్య. "విమానమైతె ఒక్కటి రాలే గని, మక్కలు మంచిగ ఎండుతయి."

గది నిజమే. గని జహీరుద్దీన్ ఇంగ్లీషుల చెప్పంగనే సాల్వు పకపక నవ్విండు. నవ్వు చెవుల వడ్డంక పిట్టలదొర కొడుకు నాలుక ఆగుతదా? అయినా పాపం, పండ్లు బిగవట్టి "ఇది రన్‌వే" అన్నడు దేవయ్య.

"ఎంత పొడుగు?" అన్నడు సాల్వు.

అడగకపోయినా బాగుండు. అడిగినంక దేవయ్య తప్పేమున్నది చెప్పుండ్రి? కట్టె దానంతటదే భుజమెక్కింది. గడ్డం బొడ్డు దాక పెరిగినట్టు చేతులతోని చూపెట్టిండు. "చాన పొడుగు అంటున్నడు సార్" అని జహీరుద్దీన్ చెమటలు తుడుసుకున్నడు గని, చేతులు చెప్పినంక ఇంగ్లీషెందుకు? డ్రమ్ముల కాడ దేవయ్య నేల మీద పండి గురక సుత పెట్టి, విమానాలు లేచిపోతుంటె డ్రమ్ములు ఆపినట్టు చేతులతోని చూపెట్టిండు. దూరంగ మేస్తున్న ఒంటె తలెత్తి చూసింది.

ఎంట వచ్చిన ముదీర్ ముంగటికొచ్చిండు. "సార్, ఇది నిజమా?"

సాల్వు మొకం గంభీరంగ పెట్టిండు. "గురక సంగతా? నిజమే. ఒక్క తప్పున్నది. డ్రమ్ములతోని ఆగలే. ఆయన గురక వెడితె రాడార్ మీద చుక్కలొస్తుండె. శత్రువులనుకొని మేము రెండుసార్లు సైరన్ కొట్టినం."

ముదీర్ నోరు తెరిసిండు, మూయలే. జహీరుద్దీన్ నెత్తి పట్టుకున్నడు. దేవయ్యకు మాత్రం ఒక్కటే సమజైంది: ఈయన సుత పిట్టలదొరే! పాము కాళ్ళు పాముకెరుక అంటరు గద. పానం లేచొచ్చినట్టైంది. ఆ హుషారుల ఉరికినట్టే పోయి కూలిన గోడ కాడ రాయి మీద కూసున్నడు. బాంబు వడ్డది, గోడ కూలింది, దుమ్ము లేచింది. దుమ్ము దిగినంక ఉత్త చెయ్యి ఎత్తి గుటగుట తాగి, మూతి తుడుసుకొని, "సుక్కర్ గలీల్!" అన్నడు.

నవ్వు రాలే.

సాల్వు గోడ పట్టుకొని నిలవడ్డడు. ముదీర్ ఆగలేకపోయిండు. "ఇదన్న అబద్ధమే గద సార్?"

దేవయ్యకు రుస్తాఖ్ నిచ్చెన కండ్ల ముంగట కనవడ్డది. సాల్వు గోడ మీది దుమ్ము అరచేతితోని తుడిసిండు.

"నిజం" అన్నడు. "అచ్చం ఇట్లనే అయింది. నేను ఇక్కన్నే ఉన్న."

ముదీర్ పిచ్చోడు కాదు. ఆ గొంతు విన్నంక ఇంకో మాట అడగలే. నీళ్ళు తెస్తమని జహీరుద్దీన్‌ను తోలుకొని కారు దిక్కు పోయిండు.

ఇద్దరే మిగిలిండ్రు. మాల్టోల్ల భాష అరబ్బీకి దగ్గరి చుట్టం. దేవయ్యకు సైట్ల నేర్చిన అరబ్బీ ఉండనే ఉన్నది. సాల్వు రాయి మీద చెయ్యి వెట్టి, "హబీబ్" అన్నడు. దోస్తు.

"ఇస్మ్?" అని పేరు అడిగిండు దేవయ్య.

"ఆండ్రూ." ఆయన గిలాస ఎత్తినట్టు చూపెట్టిండు. కొండ దిక్కు వేలు చూపెట్టిండు. తర్వాత చెయ్యి కిందికి జారిడిసిండు. "మౌత్."

మౌత్ అంటె సావని దేవయ్యకు ఎరుకే. సచ్చిపోయిన పిల్లగాని మీద ఇన్ని దినాలు కోతలు కోసి నవ్విచ్చిన్నా? సిగ్గుతోని తల ఎత్తలేకపోయిండు. టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. "మాఫ్ సార్. గల్తీ అయింది. ఇంకెన్నడు చెప్ప. నా తల్లి తోడు."

"లా, లా!" అని వద్దన్నడు సాల్వు. ఆ టోపీ గుంజుకొని మళ్ళ దేవయ్య నెత్తి మీద తనే పెట్టిండు. "ఖమ్‌సీన్ సనా, మౌత్. మౌత్. మౌత్." యాభై ఏండ్లు, కండ్లు మూస్తె అదే సావు. కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి గని, మూతి నవ్వుతున్నది. దేవయ్య చేసినట్టే ఉత్త చెయ్యి నోటికాడికి తీసుకపోయి, ఆఖరి బొట్టు దాక తాగి, మూతి తుడుసుకున్నడు.

"అల్ యోమ్," అన్నడు, ఈ దినం, "షాయ్ ఖలాస్."

చాయ మొత్తం తాగిండు ఆండ్రూ. దేవయ్య ఏడ్సిండు. ఏడుపెందుకొచ్చిందని అడిగితె ఆయనకే ఎరుకలేదు. సాల్వు ఆయన మూతి దిక్కు వేలు వెట్టి, "కుల్ యోమ్" అన్నడు. రోజూ చెప్పు.

పొయ్యేటప్పుడు ముదీర్ కారు కాడ ఆగిండు. "బోర్డుల మీద నేను చరిత్ర రాయిస్త" అన్నడు జహీరుద్దీన్‌తోని. "ఈయన నోరు ఈయనదే. ఉండనీ."

కారు పోయినంక జహీరుద్దీన్ పక్కకొచ్చి కూసున్నడు. "దేవన్నా, గంతసేపు ఏమన్నడే ఆ పెద్దమనిషి?"

నోట్ల నువ్వుగింజ నానని దేవయ్య పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి నోరు కట్టేసుకున్నడు. "చాయల చక్కెర ఎంతెయ్యాల్నో చెప్పిండు తియ్" అన్నడు.

తెల్లారి అల్ సువైక్ నుంచి ఒక కుటుంబం దిగింది. దేవయ్య కోటు సదురుకున్నడు. పైలట్ గడ్డం అయింది, పెద్ద దొర గురక అయింది, రాడార్ చుక్కలు కొత్తగ కలిసినయి. గోడ కాడ మాత్రం టోపీ తీసి చంకల పెట్టుకున్నడు.

"ఇక్కడ ఒక సోల్జర్ చాయ తాగుతుండె. పేరు ఆండ్రూ."

బాంబు వడ్డది. గోడ కూలింది. దుమ్ము దిగింది. చక్కెర తక్కువైంది. అందరు నవ్విండ్రు. ఆ ఇంటి ముసలామె మాత్రం నవ్వుకుంటనే, "తర్వాత ఆ పిల్లగానికి ఏమైంది?" అని అడిగింది.

దేవయ్య ఆ రాయి దిక్కు చూసిండు.

"ఏమైతది అమ్మా? ఇంకో గిలాస అడిగిండు."