బర్రె ముట్టని నీళ్లు

వీరస్వామి మాట తక్కువ మనిషి. మిరపనారు సంగతి వస్తే మాత్రం ఒక మాట ఎక్కువే మాట్లాడుతడు. గార్ల ఊర్ల ఆయన నారుకు అంత పేరు. ఈసారి ఆ పేరుకే గండమొచ్చింది.

బోరు ఎండిపోయింది. ఇంటెనుక నారుమడికి నల్లా నీళ్లే దిక్కయినయి. ట్యాంకు వాడ కొసకే ఉన్నది గనుక ఆ నీళ్లు బ్లీచింగు వాసనతోనే వచ్చేటివి. మొలకలైతే వచ్చినయి గని, రెండాకుల కాడ ఆగి పసుపు తిరిగినయి. తండా గోప్యాకు నారు ఇస్తనని మాటిచ్చి ఉన్నడు. ఆయన చెలక దున్ని కూసున్నడు.

వీరస్వామి మానుకోటకు పోయి, నరేందర్ ఎరువుల దుకాణంల ఎంజైమ్ మందు అడిగిండు.

"దీంట్ల ఎంజైములుంటయి, బతికున్న సూక్ష్మజీవులుంటయి కాకా. మట్టిల పడ్డయంటే వేర్లు ఉరుకుడే," అన్నడు నరేందర్ సీసా ఊపుకుంట.

"బతికే ఉన్నయా?"

"ఉన్నయి. కంటికి అవుపడయి, అంతే."

అవుపడని వాటి మీద వీరస్వామికి మొదటి సంది నమ్మకం ఎక్కువ. తెల్లారి నల్లా రాంగనే చిల్లుల డబ్బా నింపి, మందు కలిపి, మడంత చల్లిండు. పురుగుల్ని చంపేటందుకు బ్లీచింగు కలిపిన నీళ్లల్లనే బతికున్నవాటిని ముంచుతున్ననని ఆయనకు తట్టలే. నారు కదలలే. మందు జర ఎక్కువ పోసిండు. అయినా కదలలే.

ఆ నీళ్లను ఇంట్ల బర్రె గూడ ముట్టేది కాదు. బకెట్ పెడితే మూతి దగ్గరికి తెచ్చి, బుస్సుమని ఊది, తల అటు తిప్పుకునేది. అందుకని ఆయన పెండ్లాం సాలమ్మ ముందు రోజే గోళెం నింపి మూత లేకుండ ఉంచేది. తెల్లారేసరికి వాసన పోయేది. ఇంత కుడితి కలిపితే బర్రె గటగట తాగేది.

"పెద్ద దొరసాని! వాసన గిట్టదట," అని గొణిగిండు వీరస్వామి.

"దొరసానే. పాలిస్తున్నది," అన్నది సాలమ్మ. "నీ సీసా ఏమిస్తున్నదో చెప్పు."

శుక్రవారం వస్తే ఆశావర్కరు శోభారాణి వాడంత తిరిగేది. దోమలు పుట్టకుండ నిలవ నీళ్లు పారబోయించుడు ఆమె పని. గోళెం ఖాళీ చెయ్యమంటే సాలమ్మకు పాణం మీదికొచ్చేది. బిందెలతోని మోసి నింపిన నీళ్లు మోరీల పొయ్యబుద్ధి గాక, గోడ పక్క సాళ్లకు పోసేది. మొగనికి చెప్పలే. చెప్తే మందు పలచనైతదని లొల్లి పెడ్తడు.

గోడ పక్క సాళ్లు పచ్చబడ్డయి. వీరస్వామి వాటి ముందర గొంతుక్కూసోని శానసేపు చూసిండు. సీసా అడుగు మందు చిక్కగ ఉంటది, అది ఈ కొసకే పడ్డదని తేల్చుకున్నడు. మల్లొక సీసా తెచ్చిండు.

ఒక శుక్రవారం పొద్దున గోప్యా వచ్చిండు.

"అన్నా, నారేది?"

"గదే."

"గిదా? గిది మా మేకపిల్లకు గూడ ఆనదు. చెలకల పదును పోతున్నదే! లేదంటే లేదని చెప్పు, ఖమ్మం దిక్కు పోయి తెచ్చుకుంట."

ఆ మాట వీరస్వామికి చెంపదెబ్బ లెక్క తగిలింది. ఆయన నారు ఉండంగ ఇంకో ఊరి నారు గార్లకు వచ్చుడా? గోడ దిక్కు చెయ్యి చూపిండు. "గా కొస చూడు. మందు పట్టింది."

గప్పుడే వాకిట్ల శోభారాణి గొంతు వినబడ్డది. వెంటనే సాలమ్మ బకెట్ ఎత్తుకోని వచ్చింది. ఇద్దరినీ చూసి ఆగింది గని, బరువాగక గోడ పక్క సాళ్లల్లనే ఒంపింది.

"ఏం పోస్తున్నవే?"

"బర్రె తాగంగ మిగిలినయి."

"ఎప్పటిసంది?"

"శుక్కురారం శుక్కురారం."

గోప్యా వంగి వాసన చూసిండు. "అన్నా, నీ మందు కుడితి వాసనొస్తున్నదే!"

వీరస్వామి నల్లా కాడికి పోయి దోసిట నీళ్లు పట్టి ముక్కు కాడ పెట్టుకున్నడు. బుస్సుమని ఊది తల అటు తిప్పుకున్నడు. కొట్టంల బర్రె ఆయన్నే చూస్తున్నది.

ఆ దినమే ఇంట్ల ఉన్న డ్రమ్ములన్నీ వాకిట్ల మూతల్లేకుండ పెట్టి నింపిండు. ఇయ్యాల పట్టిన నీళ్లు రేపు మడికి. మందు గూడ ఆ నీళ్లల్లనే.

మల్లొచ్చిన శోభారాణి గుండె పట్టుకున్నది. "మామా, గిన్ని డ్రమ్ములేంది? దోమల ఫ్యాక్టరీ పెట్టినవా?"

"ఒంపు."

"ఆఁ?"

"మడిల ఒంపు. జర మెల్లగ."

వాడంతట్ల లొల్లి లేకుండ నీళ్లు ఖాళీ చేయించే ఇల్లు గిదొక్కటేనని ఆమె మెచ్చుకోని పోయింది. నారు లేచింది. పదును పోకముందే గోప్యా కట్టలు మోసుకపోయిండు.

సంగతి తెలిసి నరేందర్ వచ్చిండు. వీరస్వామి చేతిల సీసా పెట్టి, మిగిలిన నారు ముందర నిలబెట్టి ఫొటో తీసిండు. పని చేసింది మందో నీళ్లో వీరస్వామికి తెల్వదు. సీసాలు కొన్నడు గనుక రెండూ అంటడు.

మానుకోట దుకాణం మీద ఫ్లెక్సీ కట్టినంక సాలమ్మను తీస్కపోయి చూపిచ్చిండు. ఆమె కింది నుంచి మీది దాక చూసింది.

"మరి బర్రేది?"

"ఫొటోల మూలకు తోక పడ్డదట. నరేందర్ కోయించిండు."

సాలమ్మ ఇంటికొచ్చి దొరసానికి గోళెం నింపింది.